మూడు టన్నుల నిమ్మకాయ

నాలుగో నంబరు ప్రెస్సుకు ఫోర్స్ మానిటర్ బిగించిన మర్నాడు కూర్మారావు ఇస్త్రీ చొక్కా వేసుకుని డ్యూటీకి వచ్చాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో అతను ఇస్త్రీ చొక్కాతో షెడ్డులో అడుగుపెట్టడం అది రెండోసారి. మొదటిసారి, ఉద్యోగంలో చేరిన రోజున.

పెళ్లిచూపులా అని తోటివాళ్లు ఏడిపించారు. అతను నవ్వి ఊరుకున్నాడు. కూర్మారావు మాటలు రానివాడు కాడు. మాటలు వచ్చేవి. గొంతు దాకా వచ్చి, అక్కడ ఒక్క క్షణం నిలబడి, బయట ఎదురుగా ఎవరున్నారో తొంగి చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయేవి. అలా వెనక్కి వెళ్లిన మాటలన్నీ లోపల ఎక్కడో గుట్టగా పడి ఉంటాయని అతనికి ఒక అనుమానం. అన్నం తిన్నాక ఛాతీలో బరువుగా ఉండేది అందుకే అనుకునేవాడు. డాక్టరు మాత్రం గ్యాస్ అన్నాడు.

విశాఖపట్నం దాటాక వచ్చే పారిశ్రామికవాడలో ఒక ప్రభుత్వ సంస్థ అది. బస్సు సీట్ల కింద ఉండే ఇనుప బ్రాకెట్లు తయారు చేస్తుంది. షెడ్డులో అయిదు ప్రెస్సులు, ఒక్కొక్కటి రెండంతస్తుల ఎత్తు. కింద అచ్చు మీద ఉక్కు రేకు పెడితే పైనుంచి ప్రెస్సు దిగి ఒక్క దెబ్బ కొడుతుంది. రేకు బ్రాకెట్ అయి బయటికి వస్తుంది. ఏ అచ్చు ఎలా బిగించాలో, దెబ్బ ఎంత లోతుకు దిగాలో చూసుకునే మేస్త్రీ కూర్మారావు.

చిక్కంతా రేకులకు పూసే నూనెతో వస్తుంది. ఒక్కోసారి రెండు రేకులు నూనెతో అంటుకుపోయి ఒకటిలా కనబడతాయి. పనివాడు చూసుకోకుండా పెడితే ప్రెస్సు ఆ రెండింటినీ కలిపే కొడుతుంది. నూట ఎనభై టన్నుల దెబ్బ పడవలసిన చోట రెండు వందల అరవై పడుతుంది. ప్రెస్సు కిక్కురుమనదు. దాన్ని నాలుగు మూలలా పట్టి ఉంచే ఇనుప రాడ్లలో వెంట్రుకంత పగులు మాత్రం పడుతుంది. అలాంటి దెబ్బలు కొన్ని తిన్నాక, ఏదో ఒక మామూలు రోజున, మామూలు దెబ్బకే రాడ్డు తెగుతుంది.

రెండేళ్ల క్రితం రెండో నంబరు ప్రెస్సుకు అదే జరిగింది. తెగిన రాడ్డు మీది నట్టు ఎగిరివచ్చి పైడయ్య కుడి భుజాన్ని పిండి చేసింది. పైడయ్య ఇప్పుడు గేటు దగ్గర స్టూలు మీద కూర్చుని, వచ్చే కార్లకు ఎడమ చేత్తో సలాం కొడతాడు. అతని తమ్ముడు గవరయ్య నాలుగో నంబరు మీద పనిచేస్తున్నాడు.

ఎవరికీ తెలియనిది ఒకటుంది. రాడ్డు తెగడానికి మూడు రోజుల ముందు ఆ ప్రెస్సు చప్పుడు మారింది. ఠంగుమనేది కాస్తా ఠుంగుమంది. ఆ తేడా షెడ్డు మొత్తంలో కూర్మారావు చెవికి ఒక్కదానికే అందింది. చెబుదామని ఆఫీసుకు వెళ్లాడు. అధికారి ఫోనులో మాట్లాడుతూ కూర్చోమని చేత్తో సైగ చేశాడు. కూర్మారావు కూర్చున్నాడు. ఫోను అయ్యాక అధికారి విసుగ్గా, "ఏమిటి?" అన్నాడు.

"ఏం లేదు సార్. ఊరికే వచ్చాను."

ఆ తర్వాత రెండేళ్లలో కూర్మారావు, దెబ్బ బలాన్ని కొలిచే ఫోర్స్ మానిటర్ కావాలని పదకొండు అర్జీలు పెట్టాడు. రాయడం అతనికి కష్టం కాదు, కాగితానికి ముఖం ఉండదు. ఎదుట ఎవరున్నారో చూడకుండా మాట్లాడే వస్తువు ఒకటి ఈ షెడ్డులో ఉండాలన్నది అతని కోరిక. తాను ఎలాగూ కాలేడు కాబట్టి.

పన్నెండో అర్జీ రాస్తుండగా మానిటర్ వచ్చింది. దాంతోపాటు కంపెనీ ఇంజనీరు కుర్రాడు వచ్చి నాలుగు రాడ్లకు నాలుగు సెన్సార్లు బిగించి, టిఫిన్ డబ్బా అంత పెట్టెను ప్రెస్సు పక్కన తగిలించి, దాని స్వభావం కూర్మారావుకు వివరించాడు. దీనికి తనంతట తాను ఏమీ తెలియదు. మొదట చూపించిందే మామూలు అనుకుంటుంది. మంచి రేకు పెట్టి, 'శిక్షణ' అన్న బటన్ నొక్కి, పది దెబ్బలు కొట్టించాలి. ఆ పదింటినీ గుర్తు పెట్టుకుంటుంది. ఆ పైన ఏ దెబ్బయినా పది శాతం ఎక్కువైతే, లేదా తక్కువైతే, గంట కొట్టి ప్రెస్సు ఆపేస్తుంది. మొదటి దెబ్బను ఎవరూ ఆపలేరు. రెండో దెబ్బ పడకుండా మాత్రం చూస్తుంది.

ఆ చివరి మాట కూర్మారావుకు ఎంతగా నచ్చిందంటే, ఇంటికి వెళ్లాక కూడా ఒకటికి రెండుసార్లు అనుకున్నాడు. మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకున్నది అందుకే.

ఆ ఏడాదిని పై ఆఫీసు 'యంత్ర సంరక్షణ సంవత్సరం'గా ప్రకటించి ఉంది. కాబట్టి జనరల్ మేనేజర్ శేషాచలపతి గారు మానిటర్‌ను ఒక పెట్టెగా కాక ఒక సందర్భంగా చూశారు. శిక్షణ బటన్ నొక్కడానికి సంస్థ పాలకమండలి అధ్యక్షుల వారే రావాలని నిశ్చయించారు. షామియానా వేశారు. పంతులుగారు వచ్చారు. కొత్త లారీ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టినట్టే ప్రెస్సు కింద కూడా పెట్టాలి గనుక, పది దెబ్బలకు పది నిమ్మకాయలు తెచ్చారు.

కూర్మారావు అచ్చు పక్కన మంచి రేకులు పది, నూనె తుడిచి, సిద్ధంగా పెట్టుకున్నాడు. పూజ అయ్యాక నిమ్మకాయలు తీసేసి రేకులు పెడతారని అతని లెక్క. కానీ రేకు మీద దెబ్బ పడితే చప్పుడు ఎక్కువనీ, అధ్యక్షుల వారి చెవులు సున్నితమనీ జనరల్ మేనేజర్ గారికి తోచింది.

"రేకులు రేపు చూసుకోవచ్చులెండి. ప్రస్తుతానికి మంగళకరంగా కానిద్దాం," అన్నారు.

కూర్మారావు గొంతులోకి ఒక వాక్యం వచ్చింది. నిమ్మకాయతో వద్దు సార్, రేకు పెట్టండి. అయిదే ముక్కలు. అది గొంతు దాకా వచ్చి బయటికి చూసింది. అధ్యక్షుల వారు, జనరల్ మేనేజర్, ఇద్దరు ఫొటోగ్రాఫర్లు, పూలదండ పట్టుకున్న అమ్మాయి. ఆ వాక్యం వెనక్కి తిరిగి తన చోటికి తాను వెళ్లిపోయింది.

అధ్యక్షుల వారు బటన్ నొక్కారు. ప్రెస్సు పదిసార్లు దిగి పది నిమ్మకాయలను చితక్కొట్టింది. రసం అధ్యక్షుల వారి చొక్కా దాకా చిమ్మింది. అచ్చులోని స్ప్రింగుల తోపుడుతో కలిపి దెబ్బకు మూడు టన్నులని తెర మీద పడింది. 'శిక్షణ పూర్తయింది' అని ఆకుపచ్చ దీపం వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. సెట్టింగు మార్చడానికి ఉండే రహస్య సంఖ్యను కవరులో పెట్టి, లక్కముద్ర వేసి, వెండి పళ్లెంలో అధ్యక్షుల వారికి సమర్పించారు. ఆయన దాన్ని కారులో వేసుకుని వెళ్లిపోయారు.

మర్నాడు గవరయ్య మొదటి రేకు పెట్టాడు. ప్రెస్సు దిగింది. నూట ఎనభై టన్నులు. మానిటర్ గంట కొట్టి ప్రెస్సు ఆపేసింది.

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆపేసింది.

"ఏటి మేస్త్రీ, దీనికి ఇనుం పడదేటి?" అన్నాడు గవరయ్య.

కూర్మారావు ఈసారి ఒక కాగితం రాసుకుని వెళ్లాడు. జనరల్ మేనేజర్ గారు దాన్ని రెండుసార్లు చదివి, కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, ఇందులో సాంకేతిక సమస్య కన్నా విధానపరమైన సమస్య ఎక్కువగా ఉందన్నారు. సెట్టింగు తప్పు అంటే ప్రారంభోత్సవం తప్పు అన్నట్టు. ప్రారంభోత్సవం తప్పు అంటే, దాన్ని చేసినవారు... ఆ వాక్యాన్ని ఆయన పూర్తి చేయలేదు. సమావేశం ఏర్పాటు చేశారు.

సమావేశంలో నాణ్యతాధికారి నరసింగదేవర గారు విషయాన్ని వేరే కోణం నుంచి చూశారు. ఆయన ఎప్పుడూ వేరే కోణం నుంచే చూసేవారు.

"మానిటర్ ఉద్దేశం ఏమిటి? యంత్ర సంరక్షణ. మూడు టన్నుల దెబ్బ వల్ల యంత్రానికి హాని ఉందా? లేదు. నూట ఎనభై టన్నుల వల్ల ఉందా? ఉండవచ్చు. కాబట్టి మానిటర్ చెబుతున్నది సత్యం. సదరు ఉక్కు రేకే మితిమీరిన బలాన్ని కోరుతున్నది."

ఇన్నేళ్లుగా ఉక్కును ఎవరూ ఈ దృష్టితో చూడలేదని అందరూ ఒప్పుకున్నారు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. రోజూ పది నుంచి పదకొండు వరకు 'రక్షణ గంట'. ఆ గంటలో మానిటర్ పనిచేస్తూ ఉండగా నాలుగో నంబరు ప్రెస్సు మీద నిమ్మకాయలు కొట్టాలి. ఆ అంకెలు పై ఆఫీసుకు పంపాలి. మిగతా సమయంలో బ్రాకెట్ల ఉత్పత్తి 'తాత్కాలిక ప్రాతిపదికన' ఉక్కుతోనే జరగవచ్చు. అయితే ఆ సమయంలో మానిటర్‌కు అనవసర ఆందోళన కలగకుండా తాళంచెవి తిప్పి దాన్ని బైపాస్‌లో ఉంచాలి. అంటే ప్రెస్సు ఆడుతుంది, మానిటర్ అంకె చూపిస్తుందే తప్ప గంట కొట్టదు, ఆపదు.

బైపాస్‌లో ఉన్నంతసేపూ పెట్టె మీద పసుపు దీపం వెలుగుతుంది. అది సందర్శకులకు సందేహం కలిగిస్తుందని దాని మీద ఆకుపచ్చ కాగితం అంటించారు.

కూర్మారావు ఆ రోజు చాలాసేపు ఆ పెట్టె ముందు నిలబడ్డాడు. ఎదుట ఎవరున్నారో చూడకుండా మాట్లాడుతుందని తెప్పించుకున్న వస్తువు అది. వారం తిరక్కుండా ఎవరికి ఏమి చెప్పకూడదో నేర్చేసుకుంది. తనకైతే చిన్నతనం నుంచి ఎన్నో ఏళ్లు పట్టింది. దాని మీద అతనికి కోపం రాలేదు. అద్దంలో చూసుకుంటున్నట్టు సిగ్గేసింది.

రక్షణ గంటకు మంచి పేరు వచ్చింది. నెల తిరిగేసరికి పై ఆఫీసు పట్టికలో ఈ సంస్థ ఎదుట 'హెచ్చరికలు: సున్నా' అని పడింది. మిగతా సంస్థల వాళ్లు, ఉక్కుతో మానిటర్‌కు శిక్షణ ఇచ్చుకున్న అమాయకులు, వారానికి అయిదారు హెచ్చరికలు చూపిస్తున్నారు. వాళ్లను పిలిచి మందలించి, వీళ్ల పద్ధతి చూసి నేర్చుకోమని పంపారు. వాళ్లు వచ్చి గవరయ్య నిమ్మకాయ పెట్టే తీరును నోటు పుస్తకాల్లో రాసుకున్నారు.

ఇక నిమ్మకాయలు సంతలో కొని తెస్తే సరిపోదని తేలింది. నరసింగదేవర గారు నిర్దేశాలు తయారు చేశారు. వ్యాసం నలభై అయిదు మిల్లీమీటర్లు, రంగు లేత పసుపు, తోలు పలచన, రసం నలభై శాతానికి తగ్గకూడదు. స్టోర్సులో నూకరాజు ఒక్కో కాయనూ కొలిచి, పదికి ఒకటి చొప్పున కోసి, పిండి, తూచేవాడు. ఆ పిండిన రసం ఏం చేయాలో నిర్దేశాల్లో లేనందువల్ల ఉప్పు వేసుకుని తాగేవాడు. అతని ఆరోగ్యం మెరుగుపడింది.

చిన్న ఇబ్బంది ఒకటి రేకుల లారీ వచ్చినప్పుడు ఎదురైంది. నాలుగో నంబరు ప్రెస్సు ముడిసరుకుకు ఇప్పుడు ఉన్న నిర్దేశాలు నిమ్మకాయవి మాత్రమే. నూకరాజు నిబంధనలు తప్పే మనిషి కాడు. అతను రేకును అటూ ఇటూ తిప్పి చూసి ఫారం నింపాడు. ఆకారం: గుండ్రంగా లేదు. రంగు: నలుపు. తోలు: మందం. రసం: లేదు. తిరస్కరించడమైనది.

లారీ వెనక్కి వెళ్లిపోయింది. మూడు రోజులు బ్రాకెట్ల పని ఆగింది. చివరికి రేకులను 'నిమ్మకాయలు పరుచుటకు పళ్లెములు' అన్న పద్దు కింద తెప్పించుకోవచ్చని నరసింగదేవర గారే దారి చూపించారు. అప్పటి నుంచి సంస్థ రికార్డుల ప్రకారం నెలకు నలభై వేల పళ్లెములు వచ్చేవి. అవి ఎక్కడికి పోతున్నాయని ఎవరూ అడగలేదు.

గవరయ్యకు మాత్రం నవ్వు రావడం మానేసింది. రేకుల అంచులు కోసుకుపోయి అతని వేళ్లన్నీ గీతలే. వాటిలో రోజూ గంటసేపు నిమ్మరసం.

"మేస్త్రీ, నాకొకటి సెప్పు," అన్నాడు ఒకరోజు, చేతులు నీళ్లలో ముంచుకుంటూ. "ఈ పెట్టి నిమ్మకాయల్ని కాపలా కాస్తంది. మరి నన్నెవుడు కాస్తన్నాడు?"

కూర్మారావు తల వంచుకుని అచ్చు మీద పడుతున్న తుప్పు గీకుతూ ఉండిపోయాడు. రసానికి అచ్చు తుప్పు పడుతోంది. తుప్పు పోవడానికి నూనె ఎక్కువ పూయమన్నారు. నూనె ఎక్కువైన కొద్దీ రేకులు ఒకదానికొకటి మరింత అంటుకుంటున్నాయి. ఇదంతా అతను ఒక కాగితం మీద రాశాడు. కాగితం ఫైల్లోకి వెళ్లింది. నువ్వు రాయగలవు అంతే, అని లోపలినుంచి ఎవరో అన్నట్టు వినిపించింది. ఆ గొంతు తనదే.

జాతీయ స్థాయి సంరక్షణ పతకం కోసం పరిశీలన సంఘం వచ్చిన రోజున గేటు నుంచి షెడ్డు దాకా ముగ్గులు వేశారు. పైడయ్యకు కొత్త యూనిఫారం తొడిగించారు. సంఘం వారు రక్షణ గంటను ఆసాంతం చూశారు. ఒక్కో నిమ్మకాయ చితికినప్పుడల్లా తెర మీద మూడు అన్న అంకె పడటం చూసి వారిలో ఒకరు, ఇంత స్థిరమైన ప్రక్రియను తన సర్వీసులో చూడలేదన్నారు. తర్వాత, మీ ఉత్పత్తిని కూడా ఒకసారి చూద్దామన్నారు.

తాళంచెవి తిప్పారు. పసుపు దీపం ఆకుపచ్చ కాగితం వెనక వెలిగింది. గవరయ్య రేకు పెట్టాడు. ప్రెస్సు ఠంగుమంది. ఆరు సెకన్లకు ఒక దెబ్బ. ఆ చప్పుడులోనే శేషాచలపతి గారు మైకు పట్టుకుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఈ సంస్థలో యంత్రం ఒక యంత్రం కాదని, కుటుంబ సభ్యుడని, దానికి కలిగే చిన్న నొప్పి కూడా తమకు తక్షణం తెలుస్తుందని.

ఠుంగ్.

కూర్మారావుకు ముందు కాళ్లలో తెలిసింది, తర్వాత చెవిలో. తెర మీద రెండు వందల అరవై నాలుగు అని పడి పోయింది. ఎవరూ చూడలేదు. దీపం ఆకుపచ్చగానే ఉంది. గవరయ్య ఎడమ పక్క రాడ్డుకు సరిగ్గా మూరెడు దూరంలో, అన్న నిలబడినట్టే నిలబడి, తర్వాతి రేకు కోసం వంగాడు.

ఠంగ్. ఆ తర్వాత మళ్లీ, ఠుంగ్.

మాట వచ్చింది. గొంతులో నిలబడింది. బయటికి చూసింది. మైకు, పరిశీలన సంఘం, నరసింగదేవర గారి టై, వీడియో కెమెరా. వెనక్కి తిరిగింది. కానీ ఈసారి వెనక దారిలో పైడయ్య స్టూలు వేసుకుని కూర్చుని ఉన్నాడు. ఎడమ చేత్తో సలాం కొట్టాడు. మాటకు వెనక్కి వెళ్లడానికి చోటు లేకపోయింది.

అయినా అది నోట్లోంచి రాలేదు. చేతిలోంచి వచ్చింది. కూర్మారావు నాలుగడుగుల్లో ప్రెస్సు దగ్గరికి వెళ్లి ఎర్ర బటన్ మీద అరచేత్తో కొట్టాడు.

ప్రెస్సు ఆగిపోయింది. "తక్షణం తెలుస్తుంది" అన్న మాట మైకులోంచి వచ్చి గాలిలో వేలాడింది.

మర్నాడు ఎంక్వైరీ. హెచ్చరికలు లేని సంస్థలో, పరిశీలన సంఘం ఎదుట, అనధికారిక హెచ్చరిక జారీ చేసినందుకు. నరసింగదేవర గారే విచారణాధికారి. ఏ పరిమితి దాటిందని అడిగారు. చప్పుడు మారిందని కూర్మారావు మెల్లగా అన్నాడు. ఎంత శాతం అని అడిగారు. చెవికి శాతాలు తెలియవన్నాడు.

"మీ చెవిని ఎవరు ప్రారంభించారు?" అన్నారు నరసింగదేవర గారు.

కూర్మారావు అర్థం కానట్టు చూశాడు.

"మానిటర్‌ను అధ్యక్షుల వారు ప్రారంభించారు. అందువల్ల దాని మాట చెల్లుతుంది. మీ చెవిని ఎవరు, ఏ తేదీన, ఎవరి సమక్షంలో ప్రారంభించారు?"

కూర్మారావు పుట్టిన తేదీ చెప్పాడు. రాసుకున్నారు.

తీర్పు రెండు వాక్యాల్లో ఉంది. సదరు చెవి ప్రారంభోత్సవం జరగని పరికరం గనుక దాని హెచ్చరిక చెల్లదు. అయితే చెల్లని హెచ్చరిక కారణంగా ఆగిన ప్రెస్సును తిరిగి నడిపించడానికి నిబంధన ఏదీ లేదు గనుక, నిబంధన రూపొందే వరకు ప్రెస్సు ఆగియే ఉండవలెను.

ప్రెస్సు పదిహేను రోజులు ఆగింది. పని లేక కూర్చున్న మరమ్మతు విభాగం వాళ్లు, కూర్చోవడం అలవాటు తప్పి, రాడ్లకు పగుళ్లు బయటపెట్టే రంగు మందు పూసి పరీక్ష చేశారు. ఎడమ పక్క ముందు రాడ్డులో అరచేయి పొడవున పగులు బయటపడింది. ఇంకో పూట నడిస్తే తెగేదని వాళ్లన్నారు. గవరయ్య వచ్చి ఆ పగులు చూసుకున్నాడు. దాని మీద వేలు పెట్టి, ఆ వేలినే తన భుజం మీద పెట్టుకున్నాడు.

పగులు రక్షణ గంట వల్ల సకాలంలో బయటపడిందని పై ఆఫీసుకు నివేదిక వెళ్లింది. పతకం వచ్చింది.

రాడ్డు మార్చారు. మార్చేటప్పుడు దానికున్న సెన్సారు ఊడదీశారు. సెన్సారు ఊడదీస్తే మానిటర్ తన జ్ఞాపకాలన్నీ చెరిపేసుకుంటుంది. అది ఎలా తయారైందో అలాగే, ఏమీ తెలియని పెట్టె అయి కూర్చుంది. మళ్లీ శిక్షణ ఇవ్వాలి. అంటే మళ్లీ ప్రారంభోత్సవం చేయాలి.

షామియానా, పంతులుగారు, ఫొటోగ్రాఫర్లు. పాత అధ్యక్షుల వారు వేరే మండలికి వెళ్లిపోయారు. కొత్తాయన తెల్ల లాల్చీలో వచ్చారు. నూకరాజు నిర్దేశాల ప్రకారం ఎంపిక చేసిన పది నిమ్మకాయలను వెల్వెట్ గుడ్డ మీద పేర్చి తెచ్చాడు. గవరయ్య మొదటి కాయను అందుకుని అచ్చు మీద పెట్టబోయాడు. అధ్యక్షుల వారి వేలు బటన్ వైపు లేచింది.

"నిమ్మకాయతో వద్దు సార్," అని ఎవరో అన్నారు. "రేకు పెట్టండి."

కూర్మారావు కూడా అందరితోపాటు ఎవరా అని చూశాడు. అందరూ తన వైపే చూస్తున్నారు.

"ఇది సందర్భం కాదు కూర్మారావ్," అన్నారు శేషాచలపతి గారు, ఫొటోకు పెట్టిన నవ్వు చెదరకుండా.

ఏమంటున్నాడతను, అని కొత్త అధ్యక్షులు అడిగారు. ఒకసారి తలుపు తెరుచుకున్నాక వెనక ఉన్నవి ఆగలేదు. ఇప్పుడు నిమ్మకాయ కొడితే ఇది నిమ్మకాయే మామూలు అనుకుంటుందని కూర్మారావు చెప్పాడు. రేకు పెడితే తప్పంటుందని, అప్పుడు మనం తాళం తిప్పి దాని నోరు మూస్తామని, నోరు మూసిన పెట్టె పక్కన గవరయ్య నిలబడతాడని చెప్పాడు. అక్కడితో ఆగవచ్చు. ఆగితే ఎవరూ ఏమీ అనరు. ఆ సంగతి తెలిసీ గవరయ్య వైపు తిరిగాడు.

"మీ అన్న ప్రెస్సు చప్పుడు నాకు మూడు రోజుల ముందే తెలిసిందిరా. చెబుదామని వెళ్లి చెప్పకుండా వచ్చేశాను."

గవరయ్య చేతిలో నిమ్మకాయ అలాగే ఉండిపోయింది. పంతులుగారి గంట ఆగింది. ఈ అంశం ప్రస్తుత కార్యక్రమ పరిధిలోకి రాదని నరసింగదేవర గారు మెల్లగా అన్నారు గానీ ఎవరూ వినలేదు.

కొత్త అధ్యక్షులు వీళ్లందరినీ ఒకసారి చూశారు. తర్వాత గోడ మీద ఉన్న పాత ప్రారంభోత్సవం ఫొటోను చూశారు. అందులో పాత అధ్యక్షుల వారి చొక్కా నిండా మరకలు. తన లాల్చీని చూసుకున్నారు.

"రసం చిమ్ముతుందా?"

"సిమ్ముతాది బావూ," అన్నాడు గవరయ్య, కూర్మారావు మీంచి చూపు తిప్పకుండా. "మరక పోదు."

"అయితే రేకే పెట్టండయ్యా," అన్నారు అధ్యక్షుల వారు.

పది రేకులు. పది దెబ్బలు. నూట ఎనభై, నూట ఎనభై ఒకటి, నూట ఎనభై. ఆకుపచ్చ దీపం వెలిగింది. ఇంకెవరి చేతికీ చిక్కకుండా తాళంచెవిని కూర్మారావు చొక్కా జేబులో వేసుకున్నాడు. దాని సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. పది నిమ్మకాయలను క్యాంటీన్ వాళ్లు ఊరగాయ పెట్టారు.

గవరయ్య ఎనిమిది రోజులు కూర్మారావుతో మాట్లాడలేదు. రేకులు పెట్టేవాడు, తీసేవాడు. టీ విరామంలో వెళ్లి గేటు దగ్గర అన్న పక్కన కూర్చునేవాడు. కూర్మారావు అతన్ని పలకరించడానికి ప్రయత్నించలేదు. ఛాతీలో బరువు తగ్గిందా లేదా అని మాత్రం ఒకటి రెండుసార్లు చూసుకున్నాడు. కొంత తగ్గింది. కొంత నిజంగానే గ్యాస్.

తొమ్మిదో రోజు పొద్దున్న పదిన్నరకు నాలుగో నంబరు ప్రెస్సు ఠుంగుమంది. మరుక్షణం గంట మోగింది. ప్రెస్సు పైన ఆగిపోయింది. షెడ్డులో అందరూ పరుగెత్తుకొచ్చారు.

గవరయ్య అచ్చులోంచి వంకర తిరిగిన ముక్కను బయటికి లాగాడు. సందులో గోరు దూర్చి విడదీశాడు. రెండు రేకులు. ఒకటి కూర్మారావు చేతిలో పెట్టాడు, ఒకటి తాను పట్టుకున్నాడు.

"ఇది ఒక్క దెబ్బకే సెప్పీసింది మేస్త్రీ," అన్నాడు. "నీకు రెండేళ్లు పట్టింది."

తన చేతిలోదీ ఇచ్చేస్తూ, "టీకి గేటు కాడికి రా. అన్నకి నువ్వే సెప్పు," అన్నాడు.

మధ్యాహ్నానికి మెమో వచ్చింది. సున్నా హెచ్చరికల పతకం పొందిన సంస్థలో హెచ్చరిక ఎందుకు సంభవించిందో ఇరవై నాలుగు గంటల్లో లిఖితపూర్వకంగా వివరణ ఇవ్వవలసిందిగా. కూర్మారావు తెల్లకాగితం తీశాడు, పెన్ను తీశాడు. తేదీ వేశాడు. తర్వాత కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకుని, రెండు రేకులూ చంకలో ఇరికించుకుని, ఆఫీసు మెట్లెక్కాడు.

శేషాచలపతి గారు ఫోనులో ఉన్నారు. కూర్చోమని చేత్తో సైగ చేశారు.

కూర్మారావు కూర్చోలేదు. నూనె కారుతున్న రేకులను ఒకదాని పక్కన ఒకటి ఆయన బల్ల మీద, ఫైళ్ల మీదే, పరిచాడు. ఆయన ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఏమిటి?" అన్నారు.

"ఫోను పెట్టెయ్యండి సార్. చెబుతాను."